పెద్దమ్మ గురించి ఆపకుండా పది నిమిషాలు

ఆ నెలంతా నాకు మొదటి షిఫ్టు. కొల్హార్‌లో నేను పని చేసే వర్క్‌షాప్ చిన్నది. ఇనుప బుష్షులు, పిన్నులు తయారు చేసి పెద్ద కంపెనీలకు పంపుతాం. నా పని వాటిని కొలవడం. కొలత తప్పిన ముక్క దొరికితే పక్కన పెట్టి, ఎందుకు తప్పిందో రిపోర్టు రాయాలి. రోజంతా నిలబడే ఉండాలి. షిఫ్టు దిగి, షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని బీదర్ చేరేసరికి మోకాళ్ల కింద కాళ్లు నావి కానట్టే ఉంటుంది. అట్లా వచ్చిన ఒక మధ్యాహ్నం, చేతులకు నూనె వాసన ఇంకా పోకముందే, అన్నం పెడుతూ అమ్మ చెప్పింది.

"పెద్దమ్మ కూడికకు నువ్వే రాయాలె బిడ్డా."

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే ఉంది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నర్సు, ఆమెకు పగలు రాత్రి అని లేకుండా డ్యూటీలు. కాబట్టి మా అక్కనూ నన్నూ పెంచింది పెద్దమ్మే. చక్కెర జబ్బు ముదిరి ఆ మధ్యనే చనిపోయింది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం పెట్టే కూడికలో, ప్రసంగానికి ముందు వాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. ఇంట్లో ఒకరు రాసి, లేచి నిలబడి చదవాలి. దాని వరుస అందరికీ తెలుసు: జననం, బాప్తిస్మం, వివాహం, సంతానం, ఉద్యోగం, సంఘంలో సేవ, అనారోగ్యం, ప్రభువు పిలుపు. ఎన్నో ఏళ్లుగా ఆ వరుస మారలేదు. అది విన్నాక పాట, ఆ తరువాత ప్రసంగం, చివర చాయ్, బిస్కెట్లు.

"అక్క రాస్తది కదా, టీచరు," అన్నాను.

"అక్కకు బడి, పిల్లలు, అత్తగారిల్లు. నువ్వు రోజూ రిపోర్టులు రాస్తవ్ కదా. ఇది గూడ అసొంటిదే."

అన్నం తినడానికే ఓపిక లేదు, వాదించడానికి ఎక్కడిది? సరే అన్నాను.

ఆ సాయంత్రమే సంఘ పెద్ద ఫోన్ చేశాడు. రిటైరైన గుమాస్తా. మా వీధి చివర ఉంటాడు. మామా అని పిలుస్తాం.

"తమ్మీ, నీకు టైం లేకుంటె పరేషాన్ గాకు. నా తాన రాసి పెట్టిన మాదిరి కాగితం ఉన్నది. పేరు, ఊరు పంపు చాలు, మార్చి నేనే చదువుత."

"అందులో ఏముంటది మామా?"

"అందరికి ఉండేదే. సౌమ్యురాలు, ప్రార్థనాపరురాలు, ఎవ్వరిని ఒక్క మాట అనకపోతుండె, అందరితోని కలిసిమెలిసి ఉండె. మంచిగుంటది. ఏడుస్తరు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. మా పెద్దమ్మ సౌమ్యురాలా! గ్యాస్ సిలిండర్ తెచ్చే అతను మా గల్లీ మలుపులోనే గొంతు సవరించుకునేవాడు. ఆమెతో మాట పడకుండా దాటిన మనిషి మా చుట్టుపక్కల లేడు. ఆ మాదిరి చదివితే చర్చిలో ఎవరూ అభ్యంతరం చెప్పరు, తలలు ఊపుతారు. కాని ఆ రోజుతో మా పెద్దమ్మ స్థానంలో ఇంకెవరో ఒక సౌమ్యురాలు కూర్చుంటుంది. చర్చిలో ఒకసారి చదివింది మళ్లీ ఎవరూ చదవరు, దిద్దరు. నేను రాయకపోతే ఆమె గురించి చివరి మాట అదే.

అందుకని మరునాడు షిఫ్టు దిగి వచ్చి, కాగితం తీసుకుని, నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. శీర్షికలు ముందు రాసుకున్నాను, వాటి కింద వివరాలు.

జననం: చిమ్కోడ్ గ్రామం. తేదీ ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంది, అది నిజం కాదు.
వివాహం: వర్తించదు.
సంతానం: వర్తించదు.
ఉద్యోగం: వర్తించదు.

అక్కడ ఆగి చూసుకున్నాను. మేము ముక్కలు తనిఖీ చేసే షీటులో, ఆ ముక్కకు సంబంధం లేని గడిలో ఆ మాటే రాస్తాం. ఒక మనిషి బతుకంతా నా కాగితం మీద వర్తించకుండా పోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తరువాతి రోజు ఇంకో రకంగా ప్రయత్నించాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను చదివింది కన్నడ మీడియం, ఆ తరువాత డిప్లొమా ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. ఆదివారపు బడిలో, ఇంట్లో పెద్దమ్మ పక్కన కూర్చుని చర్చి పాటల పుస్తకం మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. మా ఇంట్లో అచ్చులో ఉన్న తెలుగు అంటే చర్చి తెలుగు ఒక్కటే. కాబట్టి తెలుగులో గంభీరంగా ఏదైనా రాయాలని కూర్చుంటే నా చేతికి వచ్చేది ఆ తెలుగే. ఒక పేజీ నిండా రాశాను. బాగుందనిపించింది. శనివారం అక్క వచ్చినప్పుడు చూపించాను.

అక్క కమలనగర్‌లో సర్కారు కన్నడ బడిలో పాఠాలు చెబుతుంది. సెలవు రోజుల్లో బస్సెక్కి వచ్చి పోతుంది. కాగితం తీసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"ఆమె వేకువనే లేచి పొయ్యి రాజేసి ఇంటివారికందరికి ఆహారము సిద్ధపరచెను. పాలు తెచ్చువానితో ఆమె వాదించగా అతడు భయపడి వెడలిపోయెను."

చదవడం ఆపి నా ముఖం చూసింది.

"ఏందిరా ఇది? పెద్దమ్మ పాలపాకెట్టుకు పోయిందా, యెరూషలేముకు పోయిందా?"

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. పెద్దమ్మ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నాకు నవ్వు రాలేదు. కాళ్లు లాగుతున్నాయి. కూడికకు ఇంకా వారమే ఉంది.

"నాకొచ్చే తెలుగు ఇదే అక్కా. ఇంకోటి రాదు."

"ఇప్పుడు మాట్లాడ్తున్నవ్ కదా, ఇదేంది మరి?"

"ఇది రాసే తెలుగు కాదు."

అక్క కాగితం పక్కన పెట్టింది. వాళ్ల బడి సంగతి చెప్పింది. కమలనగర్‌లో సగం మంది పిల్లలు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, బడిలో కన్నడ రాయాలి. వ్యాసం రాయమంటే తప్పు పోతుందని పెన్సిలు నోట్లో పెట్టుకుని కూర్చునేవాళ్లట. ఎప్పుడో టీచర్ల ట్రైనింగులో ఒక పద్ధతి చెప్పారు. ఆమె దాన్ని నాలుగో తరగతిలో పెట్టింది. పది నిమిషాలు గడియారం పెట్టాలి. ఆ పది నిమిషాలూ పెన్సిలు ఆగకూడదు. కొట్టివేయొద్దు, రబ్బరు ముట్టొద్దు, వెనక్కి తిరిగి చదవొద్దు. ఏ భాష వస్తే ఆ భాష. ఏమీ రాకపోతే 'ఏమీ వస్తలేదు' అనే రాయాలి, ఇంకేదన్నా వచ్చేదాకా.

"అట్ల రాస్తే చెత్త వస్తది," అన్నాను.

"వస్తది. ఎవరొద్దన్నరు?"

"చెత్త ఎందుకు రాయాలె అక్కా, తరువాత పారేసేటందుకా?"

"అరే, నీ బాధ ఏందో చెప్పన్నా? రాసేటోడు ఒకడు, దిద్దేటోడు ఒకడు. ఇద్దర్ని ఒక్క కుర్చీల కూసోబెట్టినవ్. వాడు ఒక మాట రాస్తె వీడు చేయి పట్టుకుంటుండు. దిద్దేటోన్ని జరసేపు బయటికి పంపు. చాయ్ తాగి రమ్మను."

తన నాలుగో తరగతి పిల్లలకున్న తెలివి కూడా నాకు లేదని ఒక మాట కలిపి, ఆదివారం సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

సోమవారం వర్క్‌షాప్‌లో ఆ మాటే నా తలలో తిరుగుతూ ఉంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు చెప్పేది ఒకటుంది: మెషిన్ మీద తిరుగుతున్న ముక్కకు కొలిచే వెర్నియర్ పెట్టకూడదు. మెషిన్ ఆగాక కొలవాలి. తిరుగుతుండగా కొలిస్తే కొలత తప్పు వస్తుంది, వేలు పోతుంది, వెర్నియర్ కూడా పాడవుతుంది. నేను రాయడంలో చేస్తున్నది దానికి తిరగేసిన తప్పు. వేలికి భయపడి, ప్రతి మాటకూ మెషిన్ ఆపి కొలుస్తున్నాను. అట్లా అయితే ఒక్క ముక్క కూడా పూర్తి కాదు. మా ఆపరేటర్ ఎవరన్నా అట్లా చేస్తే రిపోర్టులో నేనే రాస్తాను.

ఆ మధ్యాహ్నం వెనక వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో పది నిమిషాలకు అలారం పెట్టాను. అమ్మ డ్యూటీలో ఉంది. కరెంటు లేదు. ఆ రోజు రాసింది ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మొదలు ఇట్లా ఉంది:

ఏం రాయాల్నో తెల్వది ఏం రాయాల్నో తెల్వది కాళ్లు గుంజుతున్నయ్ కరెంటు ఎప్పుడొస్తదో ఈ లాటు మల్ల రిజెక్ట్ అయితది నన్నే అంటరు ఏం రాయాల్నో తెల్వది సాకు ఇంక సాకు నిద్రొస్తున్నది

'సాకు' అంటే కన్నడలో చాలు అని. అలసిపోతే నాకు కన్నడ వస్తుందని అప్పుడే తెలిసింది. పది నిమిషాలు ఇంత పొడవు ఉంటాయనీ తెలియదు. మణికట్టు నొప్పి పెట్టింది. మధ్యలో ఒక అక్షరం వంకర పోతే దిద్దబోయి ఆపుకున్నాను. అంత చిన్న తప్పును వదిలేయడానికి పళ్లు బిగించాల్సి వచ్చింది. చివరి రెండు వరసల్లో మాత్రం ఒకటి వచ్చింది:

పెద్దమ్మ ఉంటె ఈ టైముకు చాయ్ ఇస్తుండె చక్కెర ఎక్కువ వద్దు అంటె తాగు గాడిదా నా వంతు గూడ నువ్వే తాగు అంటుండె ఆమెకు చక్కెర బందు గదా అందుకే నా చాయ్‌ల రెండు చెంచాలు

ఫోన్ మోగింది, ఆపేశాను. తనకు తినడానికి లేని చక్కెరను ఆమె నా చాయ్‌లో వేసేది. ఆ సంగతి నాకు ముందు తెలియదని కాదు. నాకు తెలుసన్న సంగతే తెలియదు.

మంగళవారం ఇంకొంచెం తొందరగా వచ్చింది. ఫిర్యాదులు సగం పేజీలోనే అయిపోయాయి. ఆ తరువాత చర్చి కూడికలు వచ్చాయి. పెద్దమ్మ ఏ కూడికా మానేది కాదు. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుని జీవిత చరిత్ర మొత్తం కళ్లు మూసుకుని వినేది. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది: "అది చర్చిల చదివింది. ఇప్పుడు అసలుది చెప్త ఇనుండ్రి." ఉల్లిగడ్డలు కోస్తూ, పోపు వేస్తూ ఆ మనిషి అసలు చరిత్ర చెప్పేది. అక్క, నేను వంటింటి గడప మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ కాగితం మీద వచ్చిన వాటిలో ఒకటి:

దానశీలి అంట దానశీలి వానకాలంల మన గొడుగు తీస్కపోయి ఎండకాలంల తెచ్చిచ్చిండు గదేనా దానం అన్నది కాని ఆయన జబ్బు పడ్డప్పుడు రోజు గంజి కాసి ఈమెనే తీస్కపోయింది అది మాకు చెప్పలే

చివరి మాట రాసేదాకా ఆ గంజి సంగతి నాకు గుర్తు లేదు. మూత పెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని ఆమె వీధి చివరికి నడిచి వెళ్లడం చిన్నప్పుడు చూశాను. ఎక్కడికని అడిగితే, "నీకెందుకురా, లెక్కలు చేసుకో పో," అనేది.

ఇక బుధవారం. ఆ రోజు మేము పంపిన ముక్కల్లో ఒక లాటు మొత్తం కంపెనీ నుంచి వెనక్కి వచ్చింది. నా కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా పది నిమిషాలు పెట్టాను. రాసి రాసి మాటలు పిచ్చి పిచ్చిగా పోతున్నాయి. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో రాస్తూ పోయాను, నా తల అట్లాగే నడుస్తుంది కాబట్టి. పెద్దమ్మ కళ్లద్దాలు కిటికీల. పెద్దమ్మ మందులు ఫ్రిజ్ మీద. పెద్దమ్మ చెప్పులు వెనక తలుపు తాన. బీరువల పై అర అమ్మది నడుమది అక్కది కింది అర నాది పెద్దమ్మ బట్టలు సంచిల

అక్కడ చేయి ఆగింది. నియమం తప్పాను. ఫోన్‌లో ఇంకా టైము ఉంది.

మా ఇంట్లో ఉన్నది ఒకే బీరువా. అందులో ముగ్గురివే బట్టలు. పెద్దమ్మవి ఒక గుడ్డసంచిలో ఉండేవి. వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించి ఉండేది. పాతదైతే మళ్లీ ఇంకో సంచి కుట్టుకునేది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మనిషి పోయినా సంచి ఇంకా ఆ మేకుకే ఉంది. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు అట్లా పెట్టుకుంటారు. రేపు పోయేవాళ్లు పెట్టుకుంటారు.

కావాలని ఆలోచిస్తే నాకు అది దొరికేది కాదు. దాని గురించి రాయాలని నేను అనుకోలేదు. చేయి ఆగకూడదు కాబట్టి వస్తువుల పేర్లు రాశాను, ఆ పేర్ల మధ్య అది వచ్చింది.

గురువారం సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. ఆమెకు కూడా నాలాగే కాళ్లు వాచి ఉన్నాయి. మా ఇద్దరి కాళ్లూ చాప మీద పక్కపక్కన చాచి ఉన్నాయి. ఆ మూడు రోజుల కాగితాలూ చదివి వినిపించాను. గొడుగు దగ్గర నవ్వింది. నవ్వి, వెంటనే భయపడింది.

"ఇది చర్చిల చదువుతవా? నలుగురు ఏమనుకుంటరు?"

"పేరు చెప్పను అమ్మా."

"పేరెందుకు, గొడుగు అంటె చాలు, అందరికి తెలుస్తది."

సంచి దగ్గరికి వచ్చాను. చదివాను. అమ్మ చేతిలో వెల్లుల్లి రెబ్బ అట్లాగే ఉంది. తప్పు చేశానేమో అనుకున్నాను. అమ్మను బాధ పెట్టాలని నేను రాయలేదు. ఆ మాట అనబోయేలోపు ఆమే మొదలుపెట్టింది, నన్ను చూడకుండా.

"మీ అక్క పుట్టినప్పుడు వచ్చింది, నా బాలింతతనానికి. ఒక నెల ఉండి పోత అన్నది. నాకు డ్యూటీ షురువైంది, పిల్లను చూసేటందుకు ఎవరు లేరు, ఆగింది. మీ నాయన పోయిండు, ఆగింది. నేను ఉండుమనలే. పొమ్మనలే. ఆమె నన్ను అడగలే. ఒక అర ఖాళీ చేసి ఇచ్చుడు నాకు యాదికే రాలే."

"ఆ ముక్క తీసేస్త అమ్మా."

"ఎందుకు తీస్తవ్?" గొంతు కొంచెం లేచింది. "అదే రాయి. నేను ఉండుమనలే, ఆమెనే ఉన్నది. గట్లనే రాయి. వేరే మాట పెట్టకు."

ఆ తరువాత వెల్లుల్లి గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. వంటింటి తలుపు తీసి మూసిన చప్పుడు వినిపించింది.

శుక్రవారం, శనివారం కూర్చుని దిద్దాను. ఇప్పుడు దిద్దేవాడికి పని దొరికింది. ఆ పేజీలన్నింటిలో పనికొచ్చింది తీస్తే అర పేజీ మిగిలింది. అక్కకు ఫోన్ చేసి, ఇంత రాస్తే ఇంతేనా అని అడిగాను.

"అంతే వస్తది. నా పిల్లలకైతే ఒక్క వరుస వస్తది. ఆ వరుసకు చప్పట్లు కొడ్తం," అంది.

పుట్టిన ఊరు ఉంచాను. తేదీ తెలియదని రాశాను. వర్తించని శీర్షికలు మూడూ తీసేశాను. చర్చి తెలుగు కాదు, పూర్తిగా ఇంట్లో మాటా కాదు, రెండింటి మధ్య ఏదో ఒకటి కుదిరింది. అది సరైన తెలుగో కాదో ఇప్పటికీ చెప్పలేను.

ఆదివారం నిలబడ్డాను. మా తెలుగు ఆరాధనకు వచ్చేది తక్కువ మందే. అందరూ పెద్దమ్మతో ఎప్పుడో ఒకప్పుడు మాట పడ్డవాళ్లే. సంఘ పెద్ద మామ తన మాదిరి కాగితం కూడా మడిచి తెచ్చుకున్నాడు. నేను చదవలేకపోతే అందుకుందామని. ముందు వరసలో అమ్మ, అక్క.

మొదటి వాక్యం: "మా పెద్దమ్మ సౌమ్యురాలు కాదు." ఎవరో దగ్గారు. మామ తల ఎత్తి చూశాడు. గ్యాస్ సిలిండర్ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వచ్చింది, ముందు ఒకరు, తరువాత చాలామంది. గొడుగు చదివాను. గంజి చదివాను. నవ్వు ఆగిపోయింది. చాయ్‌లో రెండు చెంచాల చక్కెర చదివాను. అంతవరకూ నా గొంతు బాగానే ఉంది.

"మా అక్క పుట్టినప్పుడు ఒక నెల కోసం వచ్చింది. ఆమె బట్టలు మా బీరువాలో ఎప్పుడూ లేవు. వంటింటి తలుపు వెనక సంచిలో ఉండేవి. అమ్మ..."

అక్కడ మాట రాలేదు. తరువాతి వరుస కాగితం మీద స్పష్టంగా ఉంది, నా చేతిరాతే, చదవలేకపోయాను. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టబోయాను. రాలేదు. మామ తన కాగితం మడత విప్పుతున్నాడు.

అమ్మ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే, వంటింట్లోంచి పక్క గదిలో ఉన్నవాళ్లకు జవాబు చెప్పినట్టు, మామూలు గొంతుతోనే అంది.

"నేను ఉండుమనలే. ఆమెనే ఉన్నది."

మామ కాగితం మళ్లీ మడిచాడు. మిగిలిన రెండు వరసలు నేను చదివాను. ఎట్లా చదివానో తెలియదు. పాట నంబరు చెప్పారు, అందరం లేచాం.

బయట చాయ్ దగ్గర మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోయేదాకా పట్టుకున్నాడు.

"తమ్మీ, ఆ గొడుగు ముచ్చట మా అన్నదే కదా?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "అవును మామా," అన్నాను.

"నల్ల గొడుగు. కట్టె పిడి. తెచ్చిచ్చింది నేనే. ఎండల గొడుగేసుకొని వచ్చినవా, మీ అన్న చెప్పిండా నల్లబడ్తవని, అని అడిగింది నన్ను." నవ్వాడు. ఆ తరువాత గ్లాసులోకి చూస్తూ, "గంజి సంగతి మా ఇంట్ల ఎవ్వరికి తెల్వకపోతుండె. వదినె చేస్తున్నది అనుకున్నం. ఆమె పుట్టింట్ల ఉండె అప్పుడు, మరి ఎట్ల చేస్తదని ఒక్కరం అనుకోలే," అన్నాడు.

అక్క కమలనగర్ బస్సుకు అక్కడి నుంచే వెళ్లింది. అమ్మా నేనూ ఆటో ఎక్కాం. తెల్లారితే నాకు మళ్లీ మొదటి షిఫ్టు. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాను. ఏమీ మాట్లాడకుండా ఇంటికి చేరితే చాలనిపించింది.

"ఇంకోటి రాయాల్సి ఉండె నువ్వు," అంది అమ్మ.

"ఏం?"

"ఆమె వచ్చిన రోజు. చిమ్కోడ్ నుంచి బస్సుల వచ్చింది, కోడిని సంచిల పెట్టుకొని. బాలింతకు చారు చేస్తనని. కండక్టరు కోడికి టికెట్ తీయమన్నడంట. ఈమె ఊకుంటదా? కోడి సీట్ల కూసున్నదా చూడు అన్నది. ఆయన బస్సు ఆపిండు. బస్సుల అందరు ఈమె దిక్కే. ఒక ముసలాయన లేచి..."

ఈ సంగతి నేను ఎప్పుడూ వినలేదు. అక్క కూడా విని ఉండదు. అమ్మ మాట ఆగడం లేదు. ఒకటి అయ్యేలోపే ఇంకొకటి అందుకుంటోంది. ముసలాయన నుంచి కోడికి, కోడి నుంచి సంచికి, సంచి నుంచి మళ్లీ కండక్టరుకు. మధ్యలో కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది, నవ్వుతోంది. ఆటో డ్రైవర్ కూడా అద్దంలోంచి చూస్తూ వింటున్నాడు.

మా గల్లీ వచ్చింది. అతను వేగం తగ్గించి వెనక్కి తిరిగాడు. అమ్మ ఇంకా బస్సులోనే ఉంది. కొంచెం ముందుకు పోనియ్యమని నేను చేత్తో సైగ చేశాను.